వికీపీడియాలో మీరు రాసింది ఎవరైనా తీసేస్తే ఏం చేయాలి

ఆదివారం పొద్దున్నే కూర్చుని వికీపీడియాలో ఒక వ్యాసానికి నాలుగు పేరాలు చేర్చారు. భోంచేసి వచ్చి చూస్తే రెండే ఉన్నాయి. చరిత్ర ట్యాబ్ నొక్కితే ఎవరో "మూలం లేదు, తొలగించాను" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయారు. ఒళ్లు మండుతుంది. అంత కష్టపడి రాసింది ఒక్క క్లిక్కుతో పోతే ఎవరికైనా మండుతుంది.

చెన్నైలో ఉంటూ రాసే తెలుగువాళ్లకి ఈ అనుభవం కాస్త ఎక్కువే. ఈ ఊరి గురించి ఏం రాసినా చదివేవాళ్లు రెండు భాషలవాళ్లు. ఊరి పేరు దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిందని మనం రాస్తాం. చెన్నకేశవ పెరుమాళ్ గుడి వల్ల వచ్చిందని ఇంకొకరు మారుస్తారు. "మద్రాసు మనదే" అన్న రోజుల గురించి రాస్తే ఇక చెప్పక్కర్లేదు. నేను కొన్నేళ్లుగా తెలుగు వికీపీడియాలోనూ, ఇంగ్లీషు వికీపీడియాలోనూ రాస్తున్నాను. ఇలాంటి గొడవలు చాలా చూశాను, కొన్నిట్లో నేనూ ఒక పక్షాన ఉన్నాను. ఎవరు రైటు అన్న వాదన ఆగి, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏముంది అన్న మాట మొదలయ్యాకే వాటిలో తేలినవి తేలాయి. అక్కడిదాకా ఎలా వెళ్లాలో వరసగా చెప్తాను.

ముందు ఆ రాత్రికి ఆగండి

"రద్దుచెయ్యి" నొక్కాలని చెయ్యి లాగుతుంది. నొక్కకండి. మీరు మళ్లీ పెడతారు, అవతలివాళ్లు మళ్లీ తీస్తారు, మీరు మళ్లీ పెడతారు. దీన్నే దిద్దుబాటు యుద్ధం అంటారు. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే మీ ఖాతాను నిరోధించవచ్చు. మీరు రాసింది నిజమా కాదా అని అప్పుడు ఎవరూ చూడరు. మూడుసార్ల దాకా తిప్పే హక్కు ఉందనుకోవడం కూడా పొరపాటే. రెండుసార్లతో ఆగినా, గొడవ పెంచుతున్నారనిపిస్తే నిర్వాహకులు ఆపగలరు. బూతులు రాయడం, పేజీ మొత్తం ఖాళీ చేయడం లాంటి పచ్చి దుశ్చర్యను తిప్పితే అది ఈ లెక్కలోకి రాదు. కానీ మనకు నచ్చని మార్పును దుశ్చర్య అనకూడదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని పద్ధతులు దానికున్నాయి. ఒక్కో భాషలో రాసేవాళ్లు తమ నియమాలు తామే పెట్టుకుంటారు. ఇంగ్లీషు నియమం చూపించి తెలుగులో ఎవరినీ గద్దించకండి. పైగా మన దగ్గర చురుగ్గా రాసేవాళ్లు తక్కువమంది. ఇవాళ పోట్లాడిన మనిషే రేపు మీ వ్యాసంలో అక్షరదోషాలు దిద్దుతారు.

ఎందుకు తీశారో చదవండి

పొద్దున్నే టీ తాగుతూ చరిత్ర పేజీ తెరిచి రెండు కూర్పుల మధ్య తేడా చూడండి. దిద్దుబాటు సారాంశంలో, అంటే మార్పు చేసినవాళ్లు దాని పక్కన రాసే చిన్న వివరణలో, ఏం రాశారో చూడండి. సాధారణంగా కారణం నాలుగింట్లో ఒకటవుతుంది. మూలం లేకపోవడం. ఉన్న మూలం నమ్మదగినది కాకపోవడం. మూలంలో లేని పొగడ్త మీ వాక్యంలో చేరడం. లేదా మీరు పేపర్లోంచి ఉన్నదున్నట్టు దించడం. చివరిదైతే వాదించడానికి ఏమీ లేదు, అది కాపీహక్కుల సమస్య. సొంత మాటల్లో తిరగరాయండి.

మూలం చూపించాల్సిన బాధ్యత తీసేసినవాళ్ల మీద ఉండదు. వాక్యాన్ని పెట్టినవాళ్ల మీద, తిరిగి పెట్టాలనుకునేవాళ్ల మీద ఉంటుంది. "అబద్ధమని మీరు నిరూపించండి" అన్న వాదన ఇక్కడ నిలవదు. మొదట్లో ఇది అన్యాయంగా అనిపిస్తుంది. కానీ ఈ నియమమే లేకపోతే ఎవరి తాతగారు చెప్పిన కథ వాళ్లు రాసుకుంటూ పోతారు, ఆపడానికి వేరే దారి ఉండదు.

గొడవను ఒక్క వాక్యానికి దించండి

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఒక ఉదాహరణ తీసుకుందాం. వ్యాసంలో ఒకరు ఇలా రాశారనుకోండి: "పొట్టి శ్రీరాములు ఆంధ్రప్రదేశ్ కోసం మద్రాసులో 56 రోజులు నిరాహారదీక్ష చేసి మరణించారు." ఇంకొకరు 56ని 58 చేశారు. మూడో మనిషి వాక్యమే తీసేశారు. వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి దానికి జతగా ఉండే చర్చ పేజీలో గంటలోపే ఆంధ్రుల త్యాగం, మద్రాసు చేజారడం, రాజాజీ, నెహ్రూ అందరూ వచ్చేస్తారు. అంత పెద్ద చర్చ ఎప్పటికీ తేలదు.

ఆ వాక్యాన్ని ముక్కలు చేయండి. దేనికోసం, ఎక్కడ, ఎన్నాళ్లు అని అందులో మూడు సంగతులున్నాయి.

దేనికోసం అన్నది తేలిక. 1952లో ఆంధ్రప్రదేశ్ అనే రాష్ట్రమే లేదు. ఆయన అడిగింది ఆంధ్ర రాష్ట్రం. అది 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న వచ్చింది. ఈ ముక్క మీద పట్టుబట్టేవాళ్లు ఉండరు, అలవాటుగా రాసేస్తారు అంతే. ఎక్కడ అన్నదీ తేలికే. మైలాపూర్‌లో, రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. ఇప్పుడది స్మారక భవనం. చెన్నైలో ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. రాసే చేతికి బాధ్యత తెలుస్తుంది.

మిగిలింది ఎన్నాళ్లు. దీక్ష మొదలైంది అక్టోబరు 19న, ఆయన కన్నుమూసింది డిసెంబరు 15 రాత్రి. వేళ్ల మీద లెక్కపెట్టండి. అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15. మొత్తం 58. మొదటి రోజు వదిలేస్తే 57. 56 అన్న అంకె కూడా అచ్చులో కనిపిస్తూనే ఉంటుంది. "మౌలిక పరిశోధన నిషిద్ధం కదా, మనం లెక్కపెట్టొచ్చా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మూలాల్లో లేని సొంత నిర్ధారణలు రాయకూడదన్న నియమం అది. కూడికలు, తీసివేతలు, తేదీల మధ్య తేడా లాంటి మామూలు లెక్కలకు ఆ నియమం అడ్డు రాదు. అయినా అంకె దగ్గర పంతం పట్టాల్సిన అవసరం లేదు. నేనైతే ఇలా రాస్తాను: "ఆంధ్ర రాష్ట్రం కోరుతూ 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టిన శ్రీరాములు డిసెంబరు 15 రాత్రి మరణించారు." రెండు తేదీలకీ మూలం ఇస్తాను. 58వ రోజు అని చెప్పే పుస్తకం ఉంటే దాన్ని కూడా కలుపుతాను. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు ప్రకటన చేశారన్నది తర్వాతి వాక్యం. దానికి వేరే మూలం.

ఇంతా అయ్యాక అసలైన చిక్కు ఒకటి మిగులుతుంది. దీక్షకు మద్రాసు నగరం కూడా షరతా, కాదా? దీన్ని రచయితలు ఒక్కో తీరుగా రాశారు. అది మనం తేల్చేది కాదు. దానికి వేరే పేరా పెట్టి, ఏ రచయిత ఏమన్నారో పేరుతో సహా రాయాలి. ముప్పై మంది అరుచుకున్న గొడవ ఇలా ఒక్క పేరాకి దిగుతుంది.

మూలాన్ని పట్టుకోవడం, పరీక్షించడం

వికీపీడియా కోరేది నిర్ధారించుకోగల సమాచారం. అంటే మీరు చెప్పింది ఇంకొకరు వెళ్లి అదే చోట చూసుకోగలగాలి. "మా వీధిలో అందరికీ తెలుసు" అన్నది నిజమే కావచ్చు, అయినా పనికిరాదు.

మూలం ఇంటర్నెట్‌లోనే ఉండాలన్న నియమం లేదు. అచ్చు పుస్తకం చాలు. ఇంగ్లీషు వికీపీడియాలో తెలుగు పుస్తకాన్ని మూలంగా చూపొచ్చు. ఇది చాలామందికి తెలియక మంచి తెలుగు పుస్తకాలను పక్కన పెట్టేసి ఏదో పనికిమాలిన వెబ్‌సైట్ లింకు ఇస్తుంటారు. అంతే నాణ్యతున్న ఇంగ్లీషు మూలం దొరికితే దానికి ముందు చోటిస్తారు, అంతవరకే. ఎవరైనా సందేహపడితే ఆ వాక్యాన్ని తెలుగులో ఉటంకించి, పక్కన ఇంగ్లీషు అనువాదం ఇవ్వండి.

చెన్నైలో ఉండటం ఈ విషయంలో నిజంగా అదృష్టం. ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు మీద, మ్యూజియం ఆవరణలోనే కన్నెమరా గ్రంథాలయం ఉంది. 1896లో తెరిచారు. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. తెలుగు పుస్తకాలు ఒకప్పుడు ఎక్కువగా ఈ ఊళ్లోనే అచ్చయ్యాయి. 1914 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రిక ఇక్కడినుంచే వచ్చింది. 1947 జులైలో చందమామ మొదలైంది ఇక్కడే. మన చరిత్రకు కాగితం సాక్ష్యం చాలావరకు ఈ ఊళ్లో పుట్టింది. మనం బస్సెక్కి వెళ్లి చూసుకోవచ్చు.

పుస్తకం చేతికొచ్చాక ఫోన్‌తో మూడు ఫోటోలు తీసుకోండి, అనుమతి అడిగి. పేరున్న పేజీ, దాని వెనక ప్రచురణ వివరాలున్న పేజీ, మీకు కావలసిన పేజీ. వెనక పేజీలో ముద్రణ సంఖ్య జాగ్రత్తగా చూడండి. మీ చేతిలో ఉన్నది నాలుగో ముద్రణ కావచ్చు, మొదటిది ముప్పై ఏళ్ల కిందటిది కావచ్చు. పేజీ సంఖ్యలు మారిపోతాయి కాబట్టి ఏ ముద్రణ చూశారో అదే రాయాలి. పాత పుస్తకాల్లో ఏడాది బదులు "నందన నామ సంవత్సరం" అని ఉంటుంది. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరు అది. నందన 1952 ఉగాదికి మొదలైంది, 2012లో మళ్లీ వచ్చింది, దానికి ముందు 1892లో. కాగితం, అచ్చు, ధర చూస్తే ఏ నందనో తెలిసిపోతుంది. తెలియకపోతే పేరు ఉన్నదున్నట్టు రాయండి, ఏడాది ఊహించకండి.

మీరు చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయకండి. ఫలానా పుస్తకంలో ఉందని ఇంకో పుస్తకంలో చదివితే, మీరు చదివిన పుస్తకాన్నే మూలంగా ఇవ్వండి.

పేపర్ వార్త మంచి మూలమే, కానీ ఒక గుంత ఉంది. నేను ఒకసారి ఒక పాత స్టూడియో గురించి రాసిన వాక్యానికి మూలం అడిగారు. వెతికితే ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో అచ్చం ఆ సంగతే దొరికింది. సంతోషంగా లింకు పెట్టాను. రెండు రోజుల తర్వాత ఒకావిడ చర్చ పేజీలో నెమ్మదిగా చెప్పారు: "మీరు వాక్యం చేర్చింది మార్చిలోనండి, ఈ వార్త వచ్చింది ఆగస్టులో. పదాలు కూడా మీవే." విలేకరి నా వాక్యాన్నే దించుకున్నారు. నా మాటకు నా మాటే సాక్ష్యమైంది. ఆ వాక్యం నేనే తీసేశాను. అప్పటినుంచీ లింకు పెట్టే ముందు వార్త తేదీ, ఆ సంగతి వ్యాసంలోకి వచ్చిన తేదీ పక్కపక్కన చూస్తాను. మీరూ చూడండి, రెండు నిమిషాల పని.

బ్లాగులు, ఫేస్‌బుక్ పోస్టులు, ఎవరైనా మార్చగలిగే సినిమా జాబితాలు, ఇంకో భాష వికీపీడియా, ఇవేవీ మూలాలు కావు. యూట్యూబ్ ఇంటర్వ్యూలో ఒక నటుడు తన గురించి తాను చెప్పిన మామూలు సంగతికి, అది ఆయనే అని తేలితే, కొంతవరకు వాడుకోవచ్చు. ఇంకొకరి గురించి చెప్పినదానికి వాడకూడదు.

కులాల వ్యాసాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కన్నెమరా పక్కనున్న ఆ మ్యూజియానికి అధిపతిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చారు. అవి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి అందరూ వాటినే ఎత్తి రాస్తారు. మనుషుల తలలు, ముక్కులు కొలిచి జనం లక్షణాలు తేల్చవచ్చని నమ్మిన కాలం అది. ఇంగ్లీషు వికీపీడియాలో బ్రిటిష్ కాలపు ఇలాంటి వర్ణనలను కులాల విషయంలో నమ్మదగిన మూలాలుగా సాధారణంగా ఒప్పుకోరు. ఆ తర్వాత విశ్వవిద్యాలయాల చరిత్రకారులు రాసినవి వెతకండి. బతికున్న మనిషి కులం రాయాలంటే ఆ మనిషి స్వయంగా చెప్పుకుని ఉండాలి, ఇంటిపేరు చూసి ఊహించడం కుదరదు. అసలు బతికున్నవాళ్ల గురించి మూలం లేని వివాదాస్పద సంగతి ఏది కనిపించినా చర్చ కోసం ఆగకుండా తీసేయొచ్చు, తీసేయాలి. ఎవరి జీవితమైనా ఒక వాక్యంతో పాడవుతుంది.

చర్చ పేజీలో ఎలా రాయాలి

పేరు చివర "గారు" మర్చిపోకండి. తెలుగు వికీపీడియాలో ఇది మొదటినుంచీ ఉన్న మంచి అలవాటు, ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా అలాగే పిలుస్తాం. కొత్త శీర్షిక పెట్టి, తగువు ఏ వాక్యం గురించో అది మొత్తం ఎత్తి రాయండి. తర్వాత మీ మూలం, పేజీ సంఖ్య, మీ ప్రతిపాదన. ఇదిగో ఇలా:

"నమస్కారమండీ. ఊరి పేరు గురించిన వాక్యాన్ని మీరు తొలగించారు. చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిందని చెప్పే పుస్తకం నా దగ్గర ఉంది, పేజీ ఫోటో తీశాను. మీరు గుడి పేరు వల్ల అంటున్నారు, దానికి కూడా మూలం ఉంటే చెప్పండి. రెండిటినీ రచయితల పేర్లతో పెడదామని నా ఆలోచన. వాక్యం కింద రాశాను, చూసి మీ మాట చెప్పగలరు."

చివర నాలుగు టిల్డాలు (~~~~) కొడితే మీ సంతకం, సమయం వచ్చేస్తాయి. ఈ సందేశంలో అవతలి మనిషి తమిళులా తెలుగువారా, ఎవరి తరఫున రాస్తున్నారు అన్న ప్రస్తావనే లేదు. అది రాయగానే గొడవ మనుషుల మీదికి పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. ఇంగ్లీషు వికీపీడియాలో ఊళ్ల వ్యాసాల మొదట్లో ఏ లిపిలో పేరు రాయాలని ఎంత కాలం కొట్టుకున్నారంటే, చివరికి భారతీయ లిపులేవీ అక్కడ పెట్టొద్దని తీర్మానించుకోవాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ అది బాధగానే ఉంటుంది.

వారం ఆగండి. అందరికీ ఉద్యోగాలుంటాయి, పిల్లల పరీక్షలుంటాయి.

ఒక్కోసారి రెండు మూలాలూ నిజమే చెప్తాయి. శంకరాభరణం 1979దా, 1980దా అన్న తగువు అలాంటిదే. సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. జాతీయ పురస్కారం మాత్రం 1979 సినిమాల కింద వచ్చింది. ఒకరు విడుదల చూస్తున్నారు, ఇంకొకరు పురస్కారాల జాబితా చూస్తున్నారు. ఏ ఏడాది దేనికి సంబంధించిందో వ్యాసంలో ఒక్క మాట రాస్తే ఇద్దరూ ఊరుకుంటారు.

ఇద్దరి వల్లా కాకపోతే

తెలుగులో అయితే రచ్చబండలో, అంటే తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీలో, పెట్టండి. రెండు పక్షాల వాదనా మీరే న్యాయంగా, క్లుప్తంగా రాసి చర్చ పేజీకి లింకు ఇవ్వండి. ఇంగ్లీషులో మెట్లు ఎక్కువ. తగువు ఇద్దరి మధ్యే ఉండి, చర్చ పేజీలో అప్పటికే మాట్లాడుకుని ఉంటే మూడో మనిషి అభిప్రాయం అడగొచ్చు. అక్కడా తేలకపోతే అందరి అభిప్రాయాలూ కోరే పద్ధతి ఉంది, మామూలుగా 30 రోజులు నడుస్తుంది. నిర్వాహకుల బోర్డు మనుషుల ప్రవర్తన గురించి ఫిర్యాదు చేసే చోటు. ఏ వాక్యం సరైనదో వాళ్లు చెప్పరు. ఆర్బిట్రేషన్ కమిటీ అనే మధ్యవర్తుల కమిటీ కూడా విషయం మీద తీర్పు ఇవ్వదు.

ఈ దశలో చాలామంది మంచివాళ్లు చేసే తప్పు ఒకటుంది. తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో "మన చరిత్ర చెరిపేస్తున్నారు, అందరూ వచ్చి ఓటెయ్యండి" అని లింకు పెడతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ అదే రోజు పుట్టిన పది ఖాతాలు వచ్చి ఒకే మాట అంటే, మీ పుస్తకం ఎంత మంచిదైనా దాని విలువ పోతుంది. నిర్ణయం తలల లెక్కతో జరగదు, వాదన బలంతో జరుగుతుంది. గ్రూపులో అడగాలనిపిస్తే "ఫలానా పుస్తకం ఎవరింట్లోనైనా ఉందా?" అని అడగండి. మాంబళంలోనో పెరంబూరులోనో ఎవరింటి అటక మీదో అది ఉంటుంది.

ఖాతాకు ఆరు నెలలు నిండి, 500 దిద్దుబాట్లు చేసి, ఇప్పటికీ రాస్తున్నవాళ్లకు వికీపీడియా గ్రంథాలయం ఉచితంగా తెరుచుకుంటుంది. డబ్బు కడితే తప్ప దొరకని పరిశోధన పత్రికలు అక్కడ చదవొచ్చు. అర్హత ఉండి కూడా వాడనివాళ్లు చాలామంది. మీకు అర్హత ఉంటే ఇవాళే తెరవండి.

తేలాక, లేదా తేలకపోయాక

ఒప్పందం కుదిరితే ఆ వాక్యాన్ని అవతలివారినే వ్యాసంలో పెట్టమనండి. దిద్దుబాటు సారాంశంలో "చర్చ పేజీలో కుదిరిన ప్రకారం" అని రాయమనండి. ఏడాది తర్వాత కొత్తగా ఎవరో వచ్చి మారిస్తే ఆ ముక్క పట్టుకుని పాత చర్చ చూపించొచ్చు. వెబ్ లింకులన్నిటికీ, వెబ్ పేజీల ప్రతులు భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ సైటులో ప్రతి దాచండి. తెలుగు పత్రికల లింకులు సైటు మారినప్పుడల్లా చచ్చిపోతుంటాయి. పేజీలో మార్పులు జరిగితే తెలిసేలా దాన్ని మీ వీక్షణ జాబితాలో పెట్టుకోండి.

మాట నెగ్గకపోతే వ్యాసాన్ని వదిలేసి ఇంకో వ్యాసం రాయండి. కానీ పుస్తకాల్ని వదలకండి. ఎప్పుడో ఒక మధ్యాహ్నం వేరే దేనికోసమో పేజీలు తిప్పుతుంటే, మీరప్పుడు చెప్పలేకపోయిన సంగతి కనిపిస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చి, పాత చర్చ కింద కొత్త శీర్షిక పెట్టి, పుస్తకం పేరు, ముద్రణ, పేజీ సంఖ్య రాసి, నాలుగు టిల్డాలు కొట్టండి.